సలాడ్‌కి సీసా ఎందుకు, తొక్కు ఉండగా?

ఐటీ ఆఫీసుల క్యాంటీన్లలో సలాడ్ కౌంటరు అని ఒక మూల ఉంటుంది, చూసే ఉంటారు. హెల్త్ చెకప్ రిపోర్టులు వచ్చిన వారం అక్కడ క్యూ పెరుగుతుంది. రెండు వారాలు తిరక్కుండానే ఆ క్యూ కాస్తా మళ్ళీ బిర్యానీ వైపు జరిగిపోతుంది. జనాన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. వడిలిపోయిన క్యారెట్ తురుము, చప్పటి కీర ముక్కలు, నమిలినకొద్దీ మిగిలే క్యాబేజీ... రోజూ తినమంటే ఎవరికైనా శిక్షలాగే ఉంటుంది. దాన్ని గొంతు దిగేలా చెయ్యడానికి పక్కనే ఒక తెల్లటి చిక్కటి డ్రెస్సింగ్ సీసా పెడతారు. ధారాళంగా పోసుకుంటే రుచికి లోటుండదు. కానీ అప్పుడు మనం తింటున్నది సలాడా, నూనెలో తడిపిన క్యాబేజీయా అన్నది అనుమానమే.

అన్నట్టు డ్రెస్సింగ్ అంటే మా ఊళ్ళో ఇప్పటికీ గాయానికి కట్టు కట్టడమే. ఒకరకంగా సలాడ్ విషయంలో కూడా ఆ అర్థమే సరిపోతుందేమో :)

నా మటుకు నాకు అనిపించేది ఇది. సలాడ్ మనకి అంటకపోవడానికి కారణం కూరగాయలు కాదు, వాటి మీద పోసేది మన నాలుకకి తెలిసిన రుచి కాకపోవడం. ఆ పోసే వస్తువు మన వంటింట్లో ఎప్పటినుంచో ఉంది. కొత్తిమీర తొక్కు, పుదీనా తొక్కు, పెరుగు పచ్చడి. కాకపోతే వాటిని మొత్తంగా అన్నానికి రాసిచ్చేశాం. ఆ పట్టా కాస్త మార్చుకోవాలి, అంతే.

ఇదేదో పొద్దుపోక చెప్తున్న వంటింటి ముచ్చట కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు నగరంలోని ఐటీ ఉద్యోగుల్ని 345 మందిని పరీక్షించి, 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ జర్నల్‌లో ప్రచురించారు. అందులో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. ప్రతి ఆరుగురిలో ఐదుగురు! మీ టీమ్ స్టాండప్ మీటింగ్‌లో ఒకసారి అటూ ఇటూ చూసుకుని లెక్క వేసుకోండి. దేశం మొత్తం మీద చూస్తే, ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో వేసిన అంచనా ప్రకారం 10 కోట్ల పైచిలుకు మందికి షుగర్ ఉంది. గంటల తరబడి కూర్చోవడం, నైట్ షిఫ్టులు, నిద్ర లేకపోవడం అన్నీ కారణాలే. వాటిలో చాలావరకు మన మేనేజర్ చేతిలోనో, క్లయింటు టైమ్ జోన్ చేతిలోనో ఉంటాయి. కంచం మాత్రం మన చేతిలోనే ఉంది.

మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకి 2000 కేలరీలు కావల్సిన మనిషికి కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు ఉండాలట. బియ్యం, గోధుమలు, జొన్నలు అన్నీ కలిపి 250 గ్రాములు. అంటే కూరగాయల బరువు బియ్యం కంటే ఎక్కువ ఉండాలన్నమాట. గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, మనలో ఎంతమంది కంచం అలా ఉంటుంది?

మా ప్రాంతం కంచం ఎలా తయారైందో చెప్తాను. మాది నల్లగొండ జిల్లా త్రిపురారం వైపు. నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకి నీళ్ళు వదిలారు. అంతకు ముందు ఈ నేలలో వానాధారం మీద పండే జొన్న, సజ్జ ఎక్కువ. ఎడమ కాలువ వచ్చాక హాలియా, త్రిపురారం, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దాకా ఆయకట్టంతా వరి అయిపోయింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణమైంది. మా మండలంలోనే కంపాసాగర్‌లో వ్యవసాయ పరిశోధన కేంద్రం కూడా ఉంది. కరువు చూసిన ఇళ్ళలో తెల్లన్నం కంచం నిండా పెట్టుకోగలగడం అంటే మాటలు కాదు, అది గౌరవం. ఆ విలువ తెలియకుండా అన్నాన్ని తిట్టేవాళ్ళంటే నాకు గిట్టదు. 2025 మార్చి 30న, ఉగాది రోజు, రేషన్ సన్న బియ్యం పథకాన్ని మొదలుపెట్టింది కూడా మా పక్కనున్న హుజూర్‌నగర్‌లోనే. మనిషికి నెలకి 6 కిలోలు. పొద్దంతా పొలంలో, మిల్లులో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకి ఆ బియ్యం కావాలి.

కానీ మనం చేసే పనికి? పొద్దున తొమ్మిది నుంచి రాత్రి దాకా మనలో కదిలేవి పది వేళ్ళు. కంచం మాత్రం నాట్లేసి వచ్చినవాళ్ళదే.

ఇప్పుడు ఆ కంచంలో తొక్కు చేసే పని ఏమిటో గమనించండి. కారం, పులుపు, ఉప్పు దట్టించి, కొంచెంతోనే ఎక్కువ అన్నం తినిపించడం. పావు చెంచా తొక్కుతో నాలుగు ముద్దలు దిగాలి. కూర లేని ఇంట్లో అది గొప్ప ఉపాయం. తక్కువ ఖర్చుతో కడుపు నింపే ఇంజనీరింగ్ అనొచ్చు. కూరగాయలు కొనుక్కునే స్తోమత వచ్చాక కూడా మనం ఆ ఉపాయాన్నే పట్టుకుని వేలాడుతున్నాం. కొత్తిమీర కట్టలో ఉన్న మంచి ఏదో మనకి అందుతోంది గానీ, దానితోపాటు రెండో వాయి అన్నం కూడా అందుతోంది. దోసకాయ ముక్కల పచ్చడే తీసుకోండి. దోసకాయ పచ్చిది, ఉడకబెట్టం. నూరిన మిరపకాయ, చింతపండు, కొత్తిమీర కలుపుతాం. లక్షణంగా చూస్తే అది సలాడే! కాకపోతే ఆ సలాడ్‌ని మనం అన్నంలో కలుపుకుని తింటాం. శ్రీరామనవమి వడపప్పు కూడా అంతే, నానిన పెసరపప్పు, కీర ముక్కలు, ఉప్పు. పచ్చివి తినడం మనకి కొత్త కాదు. ఏడాదికోసారి ప్రసాదంగా తింటే భక్తి, రోజూ తింటే డైటింగ్ అయిపోయింది మన లెక్కలో.

సరే, ఇక ఆ సీసా సంగతికొద్దాం. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి బాగా తెలిసిన రాంచ్ డ్రెస్సింగ్ పుట్టుక సరదాగా ఉంటుంది. స్టీవ్ హెన్సన్ అనే ఆయన 1950లలో కాలిఫోర్నియాలో శాంటా బార్బరా దగ్గర హిడెన్ వ్యాలీ రాంచ్ అనే అతిథి గృహం నడిపాడు. అక్కడికి వచ్చినవాళ్ళకి తన పద్ధతిలో డ్రెస్సింగ్ కలిపి పెట్టేవాడు. మజ్జిగ, మయోనీజ్, ఎల్లిపాయ, ఉల్లిపొడి, ఆకుల పొడులు. జనానికి నచ్చి ఇంటికి పట్టుకెళ్తామంటే పొడి ప్యాకెట్లు అమ్మడం మొదలుపెట్టాడు. అందులో మజ్జిగ, మయోనీజ్ ఎవరింట్లో వాళ్ళే కలుపుకోవాలి. 1972లో క్లోరాక్స్ అనే కంపెనీ, అవును, బ్లీచింగ్ ద్రావణం అమ్మే కంపెనీయే, ఆ వ్యాపారాన్ని 80 లక్షల డాలర్లకి కొనేసింది. ఫ్రిజ్ అక్కర్లేకుండా షెల్ఫు మీద నిలవుండే సీసా 1983లో వచ్చింది.

ఇందులో మన బుర్రకి పట్టాల్సిన పాయింటు ఒకటుంది. సీసాలో ఏముందో నిర్ణయించింది రుచి కాదు, ఒక రిక్వైర్‌మెంట్. నెలల తరబడి షెల్ఫు మీద చెడకూడదు, విడిపోకూడదు, రంగు మారకూడదు. ఆ ఒక్క రిక్వైర్‌మెంట్ కోసం తాజా మజ్జిగ వెనక్కి పోయి సోయా నూనె ముందుకొచ్చింది. ఆకులు ఎండిపోయాయి. నిలవ ఉంచే రసాయనాలు వచ్చాయి. చిక్కదనం చెదరకుండా శాంథన్ గమ్ వచ్చింది. ఈ శాంథన్ గమ్ గురించి మా వరి రైతులకి చెప్తే నవ్వుతారు. దాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పేరు శాంథోమోనాస్. మా పొలాల్లో వరికి ఎండాకు తెగులు తెచ్చే బ్యాక్టీరియా దీనికి సొంత దాయాది, ఇంటిపేరు కూడా అదే. కంగారు పడకండి, గమ్ వల్ల ప్రమాదమేమీ లేదు, అమెరికాలో 1969 నుంచి ఆహారంలో అనుమతి ఉంది. నేననేది ఒకటే. ఆ రిక్వైర్‌మెంట్ సూపర్ మార్కెట్‌ది, మనది కాదు. మన ఇంట్లో డ్రెస్సింగ్ మూడు రోజులు ఉంటే చాలు. లేని అవసరం కోసం రాసిన కోడ్‌ని మనం ఎందుకు మోయాలి?

మామూలు రాంచ్ సీసా మీద చూస్తే రెండు టేబుల్ స్పూన్లకి, అంటే దాదాపు 30 గ్రాములకి, 130 కేలరీలు, 13 గ్రాముల కొవ్వు అని ఉంటుంది. రెండు స్పూన్లతో ఆగేవాడిని నేనింతవరకు చూడలేదు.

అలాగని కొవ్వు అస్సలు లేని డ్రెస్సింగ్ వెంట పడటం ఇంకో తెలివితక్కువ. క్యారెట్, టమాటా, పాలకూరల్లో ఉండే కెరోటినాయిడ్లు కొవ్వులో కరుగుతాయి. అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2004లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో ఏడుగురికి ఒకే సలాడ్‌ని మూడు రకాల డ్రెస్సింగ్‌తో వేర్వేరు రోజుల్లో పెట్టి చూశారు. నూనె అసలు లేనిది, 6 గ్రాములున్నది, 28 గ్రాములున్నది. నూనె లేని దానితో తిన్నప్పుడు కెరోటినాయిడ్లు ఒంటికి పట్టింది దాదాపు శూన్యం. కొవ్వు పెరిగినకొద్దీ ఎక్కువ పట్టాయి. ఏడుగురితో అన్నీ తేలిపోవు గానీ, కూరలో తాలింపు ఎందుకు వేస్తారని అడిగేవాళ్ళకి ఇదొక మంచి జవాబు. కాబట్టి కొంచెం కొవ్వు ఉండాలి. మీగడ తీయని పెరుగు, గుప్పెడు పల్లీలు ఆ పని చక్కగా చేస్తాయి.

ఇదీ నేను చెప్పే పద్ధతి. నలుగురికి ఒక పూటకి, లేదా ఇద్దరికి రెండు రోజులకి సరిపోతుంది.

కావల్సినవి: కమ్మటి పెరుగు అర కిలో, కొత్తిమీర ఒక కట్ట (కాడలతో సహా), పుదీనా ఆకులు గుప్పెడు, దొరికితే సోయికూర నాలుగు రెమ్మలు, వేయించి పొట్టు తీసిన పల్లీలు 20 గ్రాములు, పచ్చిమిర్చి రెండు, ఎల్లిపాయ రెబ్బ ఒకటి, వేయించిన జీలకర్ర పావు టీస్పూను, ఉప్పు అర టీస్పూను, అర నిమ్మచెక్క.

1. పెరుగుని పల్చటి నూలు గుడ్డలో మూటకట్టి, గిన్నె మీద జల్లెడ పెట్టి, అందులో ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు గంటల్లో సగం బరువుకి వస్తుంది. కింద దిగిన తేటనీరు పారబొయ్యొద్దు, పనుంది. అమెరికాలో ఉన్నవాళ్ళు గ్రీక్ యోగర్ట్ పావు కిలో తీసుకుంటే ఈ మూట గొడవ లేదు.

2. ఆకుల్ని రెండు మూడు నీళ్ళు మార్చి బాగా కడగండి. ఉడకబెట్టడం లేదు కాబట్టి ఇక్కడ బద్ధకించొద్దు. కడిగాక గుడ్డ మీద ఆరబెట్టాలి, తడి ఉంటే డ్రెస్సింగ్ నీళ్ళోడుతుంది.

3. ముందు పల్లీలు, జీలకర్ర, ఉప్పు, ఎల్లిపాయ, మిర్చి మెత్తగా తిప్పండి. తర్వాత ఆకులు వేసి, రెండు మూడు చెంచాల చల్లటి తేటనీరు పోసి, ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే మిక్సీ వేడికి ఆకు రంగు చచ్చిపోతుంది, పుదీనా చేదెక్కుతుంది.

4. పెరుగుని మిక్సీలో వెయ్యొద్దు. ఇది ముఖ్యం. పెరుగు చిక్కగా ఉండేది అందులోని ప్రొటీను వలలాగా అల్లుకుని ఉండటం వల్ల. మిక్సీ బ్లేడు ఆ వలని తెంపేస్తుంది, చివరికి చేతికొచ్చేది ఆకుపచ్చ మజ్జిగ. గిన్నెలోకి తీసి చెంచాతో కలపండి. నిమ్మరసం చివర్న పిండండి.

సీసాలో గమ్ చేసే పని ఇక్కడ పల్లీలు, మూటకట్టిన పెరుగు కలిసి చేస్తాయి. నేను వేసుకున్న లెక్క ప్రకారం ఇది 30 గ్రాములకి 30 నుంచి 40 కేలరీలు, రెండున్నర గ్రాముల కొవ్వు. అంటే సీసాలో పావు వంతు అటూ ఇటూ. నాలుగు పెద్ద చెంచాలు పోసుకున్నా భయం లేదు. పల్లీలు పడనివాళ్ళు నువ్వులో, జీడిపప్పో వేసుకోవచ్చు. మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులుంటుంది, ఆ పైన పులుస్తుంది. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్ళు మాత్రం ఆకుకూరలు ఒక్కసారిగా పెంచే ముందు డాక్టరుని అడగాలి, వాటిలోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డొస్తుంది.

దేని మీద పొయ్యాలి? కీర, క్యారెట్, ముల్లంగి, ఉల్లిగడ్డ, టమాటా అందరూ చెప్పేవే. నా ఓటు వాటికి తోడు ఉడికించిన శనగలకో, మొలకెత్తిన పెసలకో, కోడిగుడ్డుకో. ఉత్తి కీర ముక్కలతో కడుపు నిండదు, నాలుగింటికల్లా సమోసా వైపు కాళ్ళు లాగుతాయి. కీరకి ఉప్పు ముందే కలిపితే నీళ్ళు వదులుతుంది కాబట్టి డ్రెస్సింగ్ తినే ముందే కలపాలి. ఆఫీసుకి తీసుకెళ్ళేవాళ్ళు చిన్న డబ్బాలో విడిగా పెట్టుకోండి.

ఇక రాబోయే అభ్యంతరాలు నాకు తెలుసు.

"ఇది మా అమ్మ చేసే పెరుగు పచ్చడే కదా, ఇందులో కొత్తేముంది?" ఏమీ లేదు. అసలు అదే నా పాయింటు. వస్తువు మారలేదు, నిష్పత్తి మారింది. ఒక చెంచా పచ్చడికి కంచం నిండా అన్నం అనే లెక్క పోయి, కప్పు డ్రెస్సింగ్‌కి గిన్నె నిండా కూరగాయలు అవుతుంది. కారం, ఉప్పు తగ్గించింది కూడా అందుకే. అన్నంలోకి చేసినంత ఘాటుగా చేస్తే ఉత్తి కూరగాయలతో తినలేం, మళ్ళీ అన్నం కోసం వెతుక్కుంటాం.

"పచ్చివి అరగవు." అలవాటు లేని కడుపుకి ఒక్కసారిగా గిన్నెడు పెడితే నిజంగానే అరగవు. సగం కూరగాయల్ని ఆవిరి మీద కాస్త ఉడికించుకోండి. బీన్స్, క్యాలీఫ్లవర్ లాంటివి అలాగే బాగుంటాయి. సలాడ్ అంటే అన్నీ పచ్చివే ఉండాలని రూలేం లేదు.

"టైమెక్కడుంది?" పెరుగు మూట దానంతట అదే కారుతుంది. మిగిలిన పని పదిహేను నిమిషాలు. బిల్డ్ రన్ అవుతుంటే స్క్రీను వైపు చూస్తూ కూర్చునే సమయం అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇంకో మాట, ఈ పదిహేను నిమిషాలు ఇంట్లో ఆడవాళ్ళ ఖాతాలో రాసెయ్యకండి. రోలు పోయి మిక్సీ వచ్చినా, అది తిప్పే చెయ్యి చాలా ఇళ్ళలో మారలేదు. ఆరోగ్యం మీదైనప్పుడు మూటా మీరే కట్టుకోండి.

"దీంతో ఫ్యాటీ లివర్ తగ్గిపోతుందా?" డ్రెస్సింగ్ మందు కాదు. రోజూ తినే అన్నం తిని, దాని పక్కన ఇది కూడా తింటే పైన ఇంకొన్ని కేలరీలు చేరతాయి తప్ప లాభం లేదు. గిన్నెడు కూరగాయలు ముందు తిని, అన్నం ఆ తర్వాత పెట్టుకుంటే, రెండో వాయి దగ్గర చెయ్యి దానంతట అదే ఆగుతుంది. ఉపయోగమంతా ఆ ఆగడంలోనే ఉంది. దానికి నడక, నిద్ర తోడవ్వాలి.

కొత్తిమీర కట్టకి, అర కిలో పెరుగుకి అయ్యే ఖర్చు ఎంతో మీకు తెలిసిందే. ఫ్రిజ్ తలుపులో ఉన్న ఆ సీసా ఖర్చు కూడా తెలిసిందే. రాత్రి పడుకోబోయే ముందు పెరుగు మూటకట్టి పెట్టండి. పొద్దున తేటనీరు చారులో పొయ్యొచ్చు, బాగుంటుంది.